పదమూడు కాజాలు

తాగిన నోటితో చేసిన ప్రార్థన దేవుడి దాకా వెళ్తుందా, గుమ్మం దగ్గరే ఆగిపోతుందా అన్న సందేహం ఆమెకి ఏళ్ళ తరబడి ఉండేది. ఎవర్నీ అడగలేకపోయింది. అడగాలంటే ముందు తాగుతానని ఒప్పుకోవాలి కదా. అందుకని రెండుసార్లు పళ్ళు తోముకుని, నోరు పుక్కిలించి, అప్పుడు చేతులు జోడించేది, దేవుడికి వాసన తెలియకుండా ఉండాలన్నట్టు. ఇప్పుడా బాధ లేదు. నోరు శుభ్రంగా ఉండబట్టి ఈ రోజుకి నూట నలభై రోజులు. తీరా చూస్తే, చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన ప్రార్థన సగంలో ఆగిపోతోంది. తర్వాతి మాట ఎంత తడుముకున్నా దొరకదు. తాగే రోజుల్లో గడగడా వచ్చిన మాటలు మానేశాక ఎందుకు మొరాయిస్తున్నాయి? అప్పుడు విన్నవాడు ఇప్పుడు మొహం తిప్పుకున్నాడా? ఈ కొత్త సందేహం పాతదానికన్నా బరువుగా ఉంది.

ఆ ఉదయం కూడా ప్రార్థన సగంలో వదిలేసి వంటింట్లోకి వచ్చింది. గిన్నెలన్నీ తోమాక చివరికి మిగిలింది భర్త గాజు గ్లాసు. రాత్రి ఆయన తాగి బల్ల మీద వదిలేసింది. ఊపిరి బిగబట్టి, చెయ్యి బారుగా చాచి, కుళాయి కింద పెట్టింది. వేళ్ళు వణికి గ్లాసు కుళాయికి తగిలింది.

"ఏమిటా చప్పుడు అమ్మాయ్?" అంటూ అత్తగారు వచ్చింది. ఉప్పు డబ్బా కోసమన్నట్టు ఆమె భుజం మీదుగా వంగింది. డబ్బా అటువైపు ఉండదని ఇద్దరికీ తెలుసు. అత్తగారి ముక్కు ఆమె నోటి దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక్కి వెళ్ళింది.

"ఏమీ లేదత్తయ్యా. చెయ్యి జారింది."

"జారుతుంది, జారుతుంది. నువ్వేమో మానేశానంటావు. ఆ సంగతి నీ చేతులకింకా తెలిసినట్టు లేదు."

"పగిలిందా?" ముందు గదిలోంచి భర్త కేకేశాడు. "ఆ సెట్టులో నాలుగే మిగిలాయి, చూసుకో!"

చెయ్యి తెగిందా అని అడగలేదు. అడుగుతాడని ఆమె అనుకోనూ లేదు. ఆమెకి వింతగా తోచేది మరొకటి. తాగే రోజుల్లో ఈ ఇంట్లో ఎవరూ ఆమె నోరు వాసన చూడలేదు. అప్పుడు చెయ్యి నిలకడగా ఉండేది, వంట వేళకి అయ్యేది, చొక్కాలు ఇస్త్రీ అయ్యేవి. పనులు సాగుతున్నంత కాలం ఆమె ఎలా సాగుతోందో ఎవరికీ పట్టలేదు. మానేశాకే అందరికీ అనుమానం.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది. "గండం గడిచింది కానీ ఇది ఒక్కసారిగా వదిలేది కాదమ్మా. నిద్ర పట్టకపోవడం, చిరాకు, మరుపు, వణుకు ఇవన్నీ వచ్చి పోతుంటాయి. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. నీ నరాలు మందు లేకుండా బతకడం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి." ఇంటికొచ్చి ఆ మాట చెబితే భర్త నవ్వాడు. "నరాలకి బడి పెట్టారా ఏం? మా ఆఫీసులో ఒకాయన మానేసిన పదో రోజుకి దుక్కలా తిరిగాడు. నీకే అన్నీ విడ్డూరాలు."

మొదటి గ్లాసు పోసిందీ ఆయనే. కూతురు పుట్టిన రెండో ఏడు. రాత్రి పిల్ల ఏడుపు, పగలు కుట్టుపని, మధ్యలో మంచం పట్టిన మామగారి పనులు. "ఒక గుక్క వేసుకో, నిద్ర పడుతుంది, మందనుకో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు, అది మాత్రం కాదనలేదు. నిద్ర పట్టింది. కానీ నిద్ర కోసమే తాగిందంటే అబద్ధం. ఆ గ్లాసు చేతిలో ఉన్న అరగంటా ఎవరు పిలిచినా ఆమెకి వినబడేది కాదు. ఇంటెడు మందిలో ఆమెకంటూ ఉన్న గది అదొక్కటే. తర్వాత్తర్వాత ఆ గదిలోంచి బయటికొచ్చే దారి మర్చిపోయింది. ఆయన తాగితే అలసట, ఆమె తాగితే అప్రతిష్ట. అందుకని ఆయన బల్ల దగ్గర తాగేవాడు, ఆమె స్నానాలగదిలో తాగేది.

తప్పంతా వాళ్ళదేనని తోసేద్దామంటే మనసొప్పదు. ఒకరోజు బడి వదిలాక పిల్ల గేటు దగ్గర చీకటి పడేదాకా నిలబడింది. ఆమె ఇంట్లో సోఫాలో పడి నిద్రపోయింది. వాచ్‌మన్ తీసుకొచ్చి దింపితే పిల్ల ఏడవలేదు, ఒక్కమాట అనలేదు. మర్నాడు, "నాకో తాళంచెవి చేయించమ్మా, నేనే వచ్చేస్తాలే" అంది. అప్పటికి ఎనిమిదేళ్ళు. ఇప్పుడు పదకొండు. ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా "అమ్మా, ఎప్పుడొస్తావు" అని అడగలేదు. అత్తగారు ఎన్నిసార్లు వాసన చూసినా ఆ నొప్పి ముందు ఎంత.

దర్జీ దుకాణం ఇంటికి పది నిమిషాల నడక. మేడ మెట్ల కింద పొడవాటి గది, నాలుగు మిషన్లు, కత్తిరించే బల్ల, ఒకే ఒక్క కిటికీ. మగవాళ్ళ కోట్లకి పేరుపడ్డ దుకాణం అది. గుండీలు దూరే కాజాలు ఇక్కడ మిషను మీద వెయ్యరు, చేత్తో కుడతారు. ముందు గుడ్డని చిన్న ఉలితో కోస్తారు, తర్వాత ఆ కోత అంచు చుట్టూ మైనం పట్టించిన పట్టుదారంతో ముడుల వరస కుట్టుకుంటూ వస్తారు. కుట్టు తప్పితే విప్పొచ్చు. కోత తప్పితే కోటు ముందుభాగం మొత్తం పోయినట్టే.

ఆమె వెళ్ళేసరికి మాస్టారు బల్ల మీద నల్లకోటు పరిచి ఉంచాడు. "రామ్మా, నీ కోసమే చూస్తున్నా. రైల్వే గార్డుగారిది. రేపు ఆయన రిటైరవుతున్నాడు. నలభై ఏళ్ళు సర్కారు కోటు తొడిగాడు, సొంత కోటు ఇదే మొదటిది. సాయంత్రం ఆరింటికొస్తాడు. పదమూడు కాజాలు."

"నేనేనా మాస్టారూ?"

"మరెవరు? అదిగో, అలాగే ఉండాలి." గోడ మీది అద్దాల ఫ్రేము వైపు గడ్డం ఎత్తాడు.

ఆ ఫ్రేములో నల్లగుడ్డ మీద ఐదు కాజాల వరస ఉంది. వచ్చిన ప్రతి ఖాతాదారుకీ మాస్టారు దాన్ని చూపించి, "మా అమ్మాయి చేతిపని" అంటాడు. అప్పుడామె తల వంచుకుంటుంది. అందరూ అణకువ అనుకుంటారు. దుకాణంలో ఒక్క మనిషికే తెలుసు అది అణకువ కాదని. ఆవిడ మూల స్టూలు మీద కూచుని ప్యాంట్ల అంచులు కుడుతుంటుంది. అందరూ సూదొదిన అంటారు, చేతిలో సూదిని చూసి కాదు, నోట్లో సూదిని చూసి.

రెండేళ్ళ కిందట కోట్ల కాజాలు ఎవరికప్పజెప్పాలో తేల్చడానికి మాస్టారు అందరి చేతా నమూనాలు కుట్టించాడు. ఆ పూట ఆమెకి కళ్ళు తెరుచుకోలేదు, సూదిలో దారం ఎక్కలేదు. సూదొదిన చుట్టూ చూసి, ఆమె ఒళ్ళోంచి గుడ్డముక్క లాక్కుని, తన ముక్క పక్కనపెట్టి ముందు ఆమెది కుట్టింది. "పని పోగొట్టుకుంటావే మొద్దూ" అని మాత్రం అంది. తనది తొందర తొందరగా ముగించింది. మాస్టారు వరసలన్నీ బొటనవేలితో తడిమి, ఒకదాన్ని పట్టుకుని, "అబ్బా, ఎవరిదిది?" అన్నాడు. "నాదే" అంది ఆమె. ఒక్క మాట. ఆ మాటతో ఆ ముక్క గోడ మీది ఫ్రేములోకెక్కింది, కోట్లు ఆమెకొచ్చాయి, అంచులు వదినకి మిగిలాయి. సూదొదిన ఊరందరి మీదా నోరు చేసుకుంది కానీ ఆ సంగతి మీద ఈ రెండేళ్ళలో నోరు తెరవలేదు.

ఆమె సుద్దతో గుర్తులు పెట్టింది. ఉలి పట్టుకుంది. మొన గుడ్డకి ఆనకముందే మూడుసార్లు గెంతింది. వేళ్ళు నలుపుకుంది, వేన్నీళ్ళలో ముంచింది, మోచెయ్యి బల్లకి ఆనించింది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఒక్క కాజా కూడా కొయ్యలేదు.

"ఏమ్మా, సాగుతోందా?" అన్నాడు మాస్టారు టిఫిను మూత తీస్తూ.

"ఇంటికెళ్ళి చిటికెలో వస్తా మాస్టారూ."

ఎందుకు వెళ్తోందో దారి పొడుగునా తనకి తనే చెప్పుకోలేదు. చెప్పుకోకుండానే కాళ్ళు తెలిసినట్టు నడిచాయి. ఒక్క గుక్క వేస్తే పావుగంటలో చెయ్యి రాయిలా నిలబడుతుంది. వెయ్యిసార్లు రుజువైన సంగతి. అత్తగారు లోపలి గదిలో కునుకు తీస్తోంది. ఆమె బీరువా పై అర తీసింది. సీసా అక్కడే ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు "అది పారబొయ్యండి" అంటే, "ఇంటికి నలుగురూ వస్తారు, నీ కోసం మానుకుంటామా?" అన్నాడు భర్త. పారబొయ్యలేదు కానీ సీసా మీద నీలం పెన్నుతో గీత పెట్టాడు. మందు ఆ గీత దగ్గరే ఉందా లేదా అని రోజూ చూసుకుంటాడు. పాపం, అమాయకుడు. నీళ్ళు కలిపి గీత దాకా నింపడం ఎంతసేపు?

మూత తిప్పింది. తిప్పాక చూసుకుంది తన చేతిని.

వణకడం లేదు.

గ్లాసు కడుగుతుంటే వణికిన చెయ్యి, ఉలి పడితే గెంతిన చెయ్యి, చేతులు జోడిస్తే కూడా నిలవని చెయ్యి, సీసా మెడ చుట్టూ ఎంత కుదురుగా, ఎంత ఇష్టంగా అమరిందో. ఈ చెయ్యి నాది కాదు అనిపించింది. ప్రార్థన గుర్తు చేసుకోబోయింది, మొదటి మాట కూడా రాలేదు. "ఈ పూట గడిపించు" అంది పైకే. ఇది ఏ ప్రార్థనలోనూ లేని మాట. అది ఎంత దూరం వెళ్తుందో ఆలోచించే తీరిక లేకపోయింది. మూత బిగించింది. బిగిస్తుంటే వణుకు మళ్ళీ వచ్చింది. ఈసారి దాన్ని చూస్తే కాస్త ధైర్యం కలిగింది.

తిరిగి దుకాణానికి వచ్చేసరికి రెండున్నర. నల్లకోటు రెండు చేతులతో ఎత్తి తెచ్చి మాస్టారు ముందు పెట్టింది.

"ఇది నేను కొయ్యలేను మాస్టారూ. చెయ్యి వణుకుతోంది."

"అదేమిటమ్మా? కామెర్లు తగ్గి నాలుగు నెల్లయిందిగా?"

"కామెర్లు మా ఆయన చెప్పిన జబ్బు. నేను తాగేదాన్ని. మానేసి నూట నలభై రోజులైంది. అది ఇంకా ఒంట్లోంచి పూర్తిగా పోలేదు."

మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. మాస్టారు మెడలోని టేపు తీసి చుట్టుకుంటూ, మళ్ళీ విప్పుకుంటూ నిలబడ్డాడు. "మరిప్పుడు సాయంత్రం ఆయనకేం చెప్పను? ఆ ఫ్రేములో పనితనం చూసే కదమ్మా ఆయన..."

"ఆ వరస నాది కాదు. వదినది. ఆ రోజు నా బదులు తనే కుట్టింది. నాదని నేను అబద్ధమాడాను. రెండేళ్ళుగా నేను మోస్తున్న పేరు ఆవిడది."

మాస్టారు మూల వైపు తిరిగాడు. "అయితే నువ్వెందుకు చెప్పలేదమ్మా అప్పుడే?"

"నన్నడిగారా?" సూదొదిన దారం కొరుకుతూ అంది. "ఎవరిదీ అని ఈవిడ మొహంలోకి చూస్తూ అడిగారు. నా వైపు చూసింది ఇప్పుడేగా." కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, లేచి వచ్చి, ఉలి మొన గోటి మీద పరీక్షించింది. కోటు తన వైపు లాక్కుని గుర్తులు చూసింది. "సుద్ద గీతలు బాగానే పెట్టావు. ఆ మాట చెప్పడానికి రెండేళ్ళా, మొద్దూ?"

"ఆలస్యమైంది వదినా."

"అయింది." ఆవిడ 'ఫర్వాలేదు' అనలేదు. అననందుకు ఆమెకి మేలనిపించింది. సూదొదిన మొదటి కోత కోసింది, వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ పోలేదు. అప్పుడు తన స్టూలు మీది ప్యాంటు తీసి ఆమె ఒళ్ళో పడేసింది. "కూచుని అది ముగించు. లోపలి అంచేగా, కుట్టు వంకరపోయినా బయటికి కనపడదు."

ఆమె సూదిలో దారం ఎక్కించబోయింది. తప్పింది. మళ్ళీ ప్రయత్నించింది. దుకాణమంతా చూస్తోంది. చేతులు ఒళ్ళోకి దించుకోలేదు, వెలుగులోకి ఎత్తి పట్టుకుంది.

"కనపడితే కనపడనీ వదినా" అంది.