మూడు గీతల మేస్త్రీ

కుడి హెడ్‌లైటులోంచి బల్బు ఊడదీసి, సెవెరో లిమాచి కళ్లజోడు పెట్టుకున్నాడు. బల్బు మొదలు మీద మేకుతో గీసిన మూడు సన్నటి గీతల కోసం వెతికాడు. ఉన్నాయి. ఎడమవైపు బల్బు మీదా ఉన్నాయి. అయితే ఎవరూ మార్చలేదన్నమాట అనుకున్నాడు, కాస్త నిరాశగానే.

లా పాజ్ నగరం చివర, యుంగాస్ లోయలకు దిగే లారీలన్నీ ఆగే విల్యా ఫాతిమా ఎత్తు వీధిలో ముప్పై ఎనిమిదేళ్లుగా అతనిది లారీల కరెంటు పని. బిగించిన ప్రతి వస్తువు మీదా ఎవరికీ చెప్పకుండా ఆ గీతలు గీస్తాడు. మనుషులు మంచివాళ్లే గాని బల్బులు మార్చేస్తారని అతని నమ్మకం. నమిలే కోకా ఆకు కొంటే సంచి అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తాడు. ఆ పొద్దున్నుంచి ఛాతీ పట్టేసినట్టుంటే, మూలమీది రొట్టెలావిడ నిన్నటి రొట్టె అంటగట్టిందని తేల్చేశాడు. అనుమానం పెనుభూతమంటారు. సెవెరో ఆ భూతానికి రోజూ ఇంత తిండి పెట్టి మరీ పెంచుకున్నాడు.

"చూశావా బావా?" అన్నాడు ఇలారియోన్, చేతులు కట్టుకుని నిలబడి. సెవెరో భార్య బాసిలియా పోయి ఆరేళ్లయింది. ఆమె తమ్ముడితను. లారీ నుదుటి మీద ఎర్రరంగుతో అక్క పేరు రాయించుకున్నాడు. "మంచులో మూడుసార్లు ఆరిపోయినయ్. మూడోసారి చక్రం కింద రాళ్లు లోయలోకి దొర్లడం ఈ చెవులతో విన్నా."

"గుంటల్లో తోలుంటావ్."

"గుంటల్లేని రోడ్డు నీ కొట్టు ముందుందా? పాతవి గుడ్డి దీపాలు, ఈ తెల్ల లైట్లు పెట్టుకోమని నువ్వే చంపావు. అసలు సరుకు చూపించి నకిలీ బిగించాడని వీధంతా అంటోంది."

"ఎవడన్నాడు? ఎదురుకొట్టు విల్ఫ్రెదోనా?"

"ఎవడైతేనేం? కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను?"

ఆ మాట సెవెరోకి సూటిగా తగిలింది. అతనికి పిల్లల్లేరు. ఉన్నవి రెండే, పనిమంతుడన్న పేరు, బాసిలియా వదిలిపోయిన ఈ తమ్ముడు. రెండూ ఒక్కసారే పోయేలా ఉన్నాయి.

బల్బుల్ని నేరుగా బ్యాటరీకి కలిపాడు. రెండూ కళ్లు చెదిరేలా వెలిగాయి.

"నకిలీది ఇట్లా వెలుగుద్దా?"

"కొట్లో అన్నీ వెలుగుతాయ్ బావా."

మళ్లీ లారీకి బిగించి, బంపరు మీద పిడికిలితో గుద్దాడు. కుడిది కొట్టుకుని ఆరిపోయింది. ఎడమది వణికింది. విల్ఫ్రెదో ఎప్పుడైనా చెయ్యి పెట్టాడేమోనని వైరంతా తడిమాడు. ఎక్కడా కోత లేదు, అతుకు లేదు. చివరికి ఒక వైరు ముక్క తీసుకుని, ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి, రెండో కొన లైట్ల కింద ఎర్త్ వైరు చివరకు తాకించాడు. రెండు లైట్లూ నిలకడగా వెలిగాయి. ఈసారి ఎంత గుద్దినా చలించలేదు.

అయితే తప్పు ఎర్త్ దగ్గరే. ఆ వైరుని లారీ ఇనుముకి పట్టించే ఎర్త్ బోల్టు విప్పాడు. లోపల పచ్చటి చిలుము, గోధుమరంగు జిగురు, అందులో అతుక్కున్న గులాబీరంగు కాగితం ముక్క. జిగురుని వాసన చూశాడు. నాలుకకి రాసుకున్నాడు. తీపీ చేదూ కలిసిన రుచి.

బీరు.

కార్నివాల్ పండగ మంగళవారం కొత్త వస్తువులన్నిటికీ రంగు కాగితాలు చల్లి, భూమితల్లికి నాలుగు చుక్కలు వదిలి, మిగతాది వాటి మీద చిలకరించాలి. ఈ ఏడు ఆ లైట్లకు పెద్దదిక్కుగా నిలబడి ఆ పని చేసింది సెవెరోనే. రొట్టెముక్క కూడా లెక్క చూసుకుని తినే మనిషి, బాసిలియా పేరు దగ్గర మొదలుపెట్టి రెండు సీసాలు ధారగా పోశాడు. ఆ ధార దిగేచోటే తను కొత్తగా బిగించిన బోల్టుంది. దానికి కప్పు పెట్టలేదు, గ్రీజు కూడా పుయ్యలేదు.

వాన వల్ల తుప్పు పట్టిందనొచ్చు. విల్ఫ్రెదో వదులు చేశాడన్నా ఇలారియోన్ నమ్మేస్తాడు. ఒక్క క్షణం ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏంటి, భుజాలు తడుముకుంటున్నావ్?" అన్నాడు ఇలారియోన్.

"దొంగ దొరికాడు. నేనే."

బీరు సంగతి చెప్పాడు. విని ఇలారియోన్ మొహం ఇంకా బిగిసింది.

"నకిలీ సరుకు పెట్టి, తప్పు భూమితల్లికి పోసిన బీరు మీద తోస్తున్నావా? అక్కుంటే నీ మొహం చూసేదా?"

సెవెరో మళ్లీ లారీ ముందు వంగాడు. బోల్టుని ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, గ్రీజు పూశాడు. ఇలారియోన్ బంపరుని కాలితో నాలుగుసార్లు తన్నాడు. లైట్లు అలాగే వెలుగుతున్నాయి.

"కనుమ మీద చూస్తా," అన్నాడు లారీ ఎక్కుతూ. "అక్కడ గాని ఆరిందా, మళ్లీ నీ గడప తొక్కను." చెయ్యి కూడా కలపలేదు.

లారీ మలుపు తిరిగేదాకా సెవెరో చూశాడు. తర్వాత ఖాళీ రేకు డబ్బా ఒకటి, కత్తెర, మేకు తీసుకుని, ఎండపొడ పడేచోట స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది. మధ్యాహ్నం రొట్టెలావిడని కడిగెయ్యాలనుకున్నాడు.

ఆ తర్వాతిది ఇలారియోన్ చెప్పిందే. కనుమ మీద మంచు గోడలా నిలబడింది. గుంటలన్నీ ఏరి ఏరి లారీని వాటిలోకే తోలాడు. లైట్లు రెప్ప వెయ్యలేదు. పైన, డ్రైవర్లందరూ ఆగి భూమితల్లికి పోసేచోట ఆగి సీసా మూత తీశాడు. పొయ్యలేకపోయాడు. బావని అన్న మాట కడుపులో పెట్టుకుని తల్లికి ఎలా పోస్తాడు? లారీని వెనక్కి తిప్పాడు.

వీధి మొదట్నుంచే హారను కొడుతూ వచ్చాడు. "బావా, తప్పు నాదే!" అని కిటికీలోంచి అరిచాడు. సెవెరో తలెత్తలేదు. టోపీ కళ్ల మీదికి జారి, గోడకి ఆనుకుని ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని మధ్యాహ్నమంతా లేపలేదని విల్ఫ్రెదో అన్నాడు. అప్పటికే ఒళ్లు చల్లబడింది. ఇలారియోన్ నేలమీద కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

సెవెరో ఒళ్లో అరచేయంత రేకు కప్పు ఒకటుంది. అంచులు చేతికి గీరుకోకుండా మడిచి, బోల్టు పట్టేంత రంధ్రం పొడిచాడు. వచ్చే కార్నివాల్‌కి ఎవరెంత పోసినా ఎర్త్ బోల్టు మీద చుక్క పడదు. దాని మూల మీద మేకుతో గీసిన గీతలు రెండున్నాయి, మూడోదాని చోట మేకు మొన దిగిన చుక్క ఒక్కటే ఉంది.