వంపు బద్దలు ఎంచినవాళ్లు

పడవ గురించి అన్నయ్యకు తెలిసిందంతా వార్నిష్ వేశాక మొదలవుతుంది. అంతకు ముందు సంగతి, అంటే ఏ చెక్క దేనికి పనికొస్తుందన్నది, చెల్లెలిది. పక్క పలకలకు తేలికైనది, పై అంచుకు రాయి తగిలినా చొట్టపడనిది, లోపల పక్కటెముకల్లా నిలిచే వంపు బద్దలకు చారలు తిన్నగా సాగి, ఇంకా పచ్చి ఆరనిది. తట్టి చూసి, వాసన చూసి ఆమె పక్కన పెట్టేది. కొనేవాళ్లు రాగానే అన్నయ్య మీసం దువ్వి, "చెక్క నేనే ఎంచుతానండీ" అనేవాడు. పదిహేడేళ్లుగా ఇదే తంతు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా.

ఆ ఉదయం డాక్టరమ్మ వచ్చింది. తన పడవకు చెక్క ఎంచడం కళ్లారా చూడాలట. కాదనలేక అన్నయ్య కొట్టులోకి నడిచి, కూర్చునే పీటకని చెల్లెలు ఎండబెట్టి దాచిన మెలికల చారల బద్దలు తీసి, వంపుకు ఇవే అన్నాడు. చెల్లెలికి ఒళ్లు మండిపోయింది.

"అన్నయ్యా, అవి..."

"నువ్వుండవే, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే."

సరే, ఉంది. బద్దలు మెత్తబడి వంగేలా ఉడికించే ఆవిరి పెట్టె కింద మంట కూడా ఆమే వేసింది.

మొదటి బద్ద అచ్చు మీద వంచగానే ఫట్టున విరిగింది. రెండోదీ అంతే. నాలుగోది విరిగాక అన్నయ్య ముక్కల్ని కాలితో పక్కకు తోశాడు.

"కలప కొనుక్కొచ్చేది మా చెల్లెలండీ. దానికేం తెలుసు."

పదిహేడేళ్లలో పరాయివాళ్ల ముందు ఆమె ఊసెత్తడం అదే మొదలు. మంచి పడవ ఒక్కదానికైనా ఆ నోట చెల్లెలన్న మాట రాలేదు. ఇప్పుడొచ్చింది.

మూలనున్న తడి గోనెపట్టా తీసి, దాని కింద పచ్చి ఆరకుండా దాచిన తన కట్టలోంచి ఒక బద్ద ఆవిరి పెట్టెలో పెట్టింది. అరగంటయ్యాక తీసి వంచితే అది అచ్చుకు అతుక్కుపోయింది. డాక్టరమ్మ దాన్ని నిమిరింది.

"ఇదెవరు ఎంచారు?"

"నేనేనండీ," అన్నాడు అన్నయ్య. "అక్కడ పెట్టించింది నేనే."

చెల్లెలు బద్ద బిగించడానికి పట్టుకున్న సుత్తి కింద పెట్టేసింది. చేతిలో ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. కట్ట విప్పి, ఆ పచ్చివీ కొట్టులోని ఎండువీ అన్నీ కలగలిపి అన్నయ్య కాళ్ల ముందు కుప్ప పోసింది.

"ఇంకా ముప్ఫై ఒకటి కావాలి. ఎంచు."

అన్నయ్య డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే స్టూలు లాక్కుని కూర్చుంది.

"కానివ్వండి," అంది డాక్టరమ్మ. "నాకేం తొందర లేదు."