బొగ్గుల బస్సు ఆగేచోటు

యుద్ధం వచ్చి పెట్రోలు కరువైననాటి నుండి దిబ్బూరహళ్ళి నుంచి శిడ్లఘట్టకు పోయే బస్సు బొగ్గుల పొగతో నడుస్తోంది. ఒకసారి ఆపితే వెనుక కట్టిన పొయ్యి చల్లబడుతుంది. మళ్ళీ గాలి విసిరి రగిలించేసరికి పావుగంట పోతుంది. అయినా డ్రైవరు లక్ష్మణప్ప, గేటూ కాపలావాడూ లేని రైలుపట్టాల దగ్గర ప్రతిరోజూ ఆపేవాడు. దిగి, మామిడితోపు కప్పేసిన మలుపు దాకా నడిచి, చూచి, విని, ఆ తరువాతే బస్సును దాటించేవాడు.

బస్సునిండా పట్టుగూళ్ళ గంపలు. సంతకు ఆలస్యమైతే కొనేవారు వెళ్ళిపోతారు. గూళ్ళు నిలిచిపోతే పురుగు రెక్కలు తొడిగి పట్టు చీల్చుకుని బయటపడుతుంది.

“ఏమప్పా, పట్టాలకు పూజ అయిందా?” అన్నాడు నరసింహప్ప అనే రైతు. “టెంకాయ కొట్టేదొకటే తక్కువ. రైలు మనకంటే ముందే పోతాది గదా.”

“ఆలస్యంగా వచ్చిననాడో?”

“ఆర్నెల్లుగా చూస్తాండా. ఒక దినమన్నా వచ్చిందా?”

రాలేదు. అదే లక్ష్మణప్ప నేరమైంది. రైతులంతా వేలిముద్రలు వేసిన అర్జీ చూచి యజమాని వెంకటరాయప్ప అతన్ని పనిలోంచి తీసేశాడు. అర్జీలో ఒక్క అబద్ధమూ లేదు. ఊరకే ఆపుతాడని మాత్రమే ఉంది.

లక్ష్మణప్ప భార్య మునిరత్నమ్మకు చూపు మందగించింది. మంగళవారం మంగళవారం శిడ్లఘట్ట ఆసుపత్రికి పోవాలి. వేరే బస్సు లేదు. పని పోయాక మొదటి మంగళవారం అతడు ఆమెను కొత్త డ్రైవరు పాపన్న వెనుక కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చున్నాడు.

మామిడితోపు కనబడగానే ముందుకు వంగాడు. “పాపన్నా, ఒక్క గడియ నిలుపప్పా. మలుపు అవతల కనపడదు.”

“నిలిపితే పొయ్యి నువ్వు రగిలిస్తావా?” అన్నాడు పాపన్న, తల తిప్పకుండా.

“రగిలిస్తా.”

“రగిలిచ్చి రగిలిచ్చే గదప్పా ఇంటికి పోతివి,” అన్నాడు నరసింహప్ప. బస్సంతా నవ్వింది.

బస్సు ఆగలేదు. వెనుక చక్రాలు పట్టాలు దిగి పది బారలు పోయాయో లేదో, కూత వేస్తూ రైలు వాళ్ళ వెనుకనుండి దూసుకుపోయింది. గంపలు అదిరాయి.

“ఏం సద్దది?” అంది మునిరత్నమ్మ.

ఎవరికివారు గంపలు సర్దుకున్నారు. ముందుగా నరసింహప్పే గొంతు సవరించుకున్నాడు. “చూస్తివా లక్ష్మణప్పా? దాటేస్తిమి. నువ్వు తోలుంటే ఇంకా ఆడనే నిలబడుండేవాళ్ళం.”

ఎవరో పాపన్నకు ఆకువక్క అందించారు. ఆనాటితో అతని నేర్పు మీద అందరికీ నమ్మకం కుదిరింది.

శిడ్లఘట్టలో భర్త చేయి పట్టుకుని దిగుతూ మునిరత్నమ్మ అడిగింది. “వచ్చే మంగళవారమూ ఇదే బస్సేనా?”

“ఇదే,” అన్నాడు లక్ష్మణప్ప.