చెరువులో ఏముంది?

‘ఇన్’ అనే పిసరంత ఇంగ్లీషు మాట నేర్పేసరికి శాలిని టీచరుకి తల ప్రాణం తోకకొచ్చింది. కలిదిండి దగ్గర చేపల చెరువుల మధ్యనున్న బడి అది. పుస్తకంలో ‘ది క్యాట్ ఈజ్ ఇన్ ది బాస్కెట్’ అని ఉంది. ఏ ఇంట్లో పిల్లి బుట్టలో కూర్చుంటుందో ఆ పుస్తకం రాసిన మహానుభావుడికే తెలియాలి. పిల్లలు చిలకల్లా అప్పజెప్పేవారే గాని సొంతంగా ఒక్క వాక్యం చెప్పలేకపోయేవారు. విసుగెత్తి ఆమె పుస్తకం మూసేసి, పిల్లల్ని చెరువుగట్టు మీదికి తీసుకెళ్లింది.

“ది ఫిష్ ఈజ్ ఇన్ ది పాండ్” అనగానే జాయ్సీ అందుకుంది. పడవని చెరువులో పెట్టింది, బాతుని పెట్టింది, ఆఖరికి చందమామని కూడా పెట్టేసింది. శాలినికి ఆ పిల్లని ఎత్తుకుని ముద్దాడాలనిపించింది.

జాయ్సీ చెరువు కాపలాదారు యాకోబు కూతురు. తల్లి లేదు. గట్టు మీది పాకలోనే కాపురం. చెరువులో చేపలు పట్టేశాక తండ్రీకూతుళ్లు ఉండి ఊరవతల మరో చెరువుకి పోవాలి. ఆ దగ్గర్లో బడి లేదు. తాడేపల్లిగూడెం హాస్టలు బడిలో మాత్రం ఒక్క సీటు మిగిలింది. బొమ్మ చూసి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెబితే చాలు, ఇచ్చేస్తారు. బొమ్మ మనమే తెచ్చుకోవచ్చన్నారు. శాలిని ఏరికోరి చేపల చెరువు బొమ్మ గీసింది.

హాస్టలు పెద్దావిడ రత్నమాణిక్యంగారు ఆ బొమ్మ చూపించి ఇంగ్లీషులో అడిగారు. జాయ్సీ తలొంచుకుంది. ఆవిడ తెలుగులోకి దిగారు.

“ఈ చెరువులో ఏముందమ్మా?”

“తెలీదండీ.”

“చేపలున్నాయి కదా?”

“లేవండీ.”

“నిన్న గడగడా చెప్పిందండీ, బెదిరిపోయింది. మళ్లీ అడగండి” అని బతిమాలింది శాలిని. ఆవిడ మళ్లీ అడిగారు. పిల్ల పెదవులు బిగించేసింది.

“ఏమీ అనుకోకండి టీచరుగారూ, ఇంకో పాప ఉందండీ” అని బొమ్మ తిరిగిచ్చేశారు.

తిరుగు బస్సులో శాలినికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. “ఎందుకు చెప్పలేదమ్మా?”

జాయ్సీ చుట్టూ చూసి ఆమె చెవి దగ్గరకి జరిగింది. “చెరువులో ఏముందని కొత్తవాళ్లడిగితే చెప్పకూడదండీ. దొంగలొచ్చి వలేసుకుపోతారండీ. నాన్న ఒట్టేయించుకున్నాడండీ.” తర్వాత గుసగుసగా, ఒక్క తప్పు లేకుండా, “ది ఫిష్ ఈజ్ ఇన్ ది పాండ్” అంది.

శాలిని గుండె చెరువైపోయింది. ఇన్నేళ్లుగా ఈ గట్ల మీదే నడుస్తూ ఆ మాత్రం సంగతి తెలుసుకోలేకపోయింది. బడిసంచీ బొమ్మ గీసినా పిల్ల గట్టెక్కేది. పిల్లి బుట్ట బొమ్మైనా సరిపోయేది.

గట్టు మీద యాకోబు ఎదురొచ్చాడు. “ఏవన్నారండీ టీచరుగారూ?”

జాయ్సీ పరుగెత్తుకెళ్లి తండ్రిని వాటేసుకుంది.

“ఆవిడ ఎంతడిగినా చెరువు సంగతి చెప్పలేదు నాన్నా!”

“మా అమ్మే!” అంటూ కూతురి తల నిమిరిన యాకోబు, టీచరు మొహం చూసి ఆగిపోయాడు. పిల్ల మాత్రం ఇంకా మెచ్చుకుంటాడని అతని మొహంలోకే చూస్తోంది.