తూర్పుకు బయలుదేరిన పెట్టె

వేసవి చివరికి మా గుడారం చుట్టూ గడ్డి కంటే ఎలుకలు ఎక్కువయ్యాయి. ఒక్కొక్కటి తన కన్నం ముందు నిలబడి, చేతులు గుండెకు ఆనించుకుని, అన్నానికి పిలిస్తే వచ్చిన చుట్టంలా నావైపే చూసేది. గడ్డంతా అవే తినేశాయని మా ఆయన చోయింబోల్ తేల్చేశాడు. గద్దలు వాలడానికని మైదానంలో కర్రలు పాతాడు. గద్దలు వాలాయి. మా మేకలు ఆ కర్రలకు వీపులు గోక్కుని రెండింటిని పడగొట్టాయి. ఎలుకలు ఎప్పటిలాగే నిలబడ్డాయి.

నిలబడక ఏం చేస్తాయి? వచ్చే గద్ద దూరం నుంచే కనబడాలంటే వాటికి పొట్టి గడ్డి కావాలి. దాన్ని నున్నగా గొరిగిపెట్టింది మా గొర్రెలూ మేకలే. మేం కదిలితే గడ్డి లేస్తుంది, గడ్డి లేస్తే అవి వాటంతటవే పోతాయి. పట్నంలో నేను చదివిందీ ఇదే, మా అత్తగారు చిన్నప్పటి నుంచి చూసిందీ ఇదే. ఇద్దరం కలిసి చెబితే కుట్ర అవుతుందని విడివిడిగా చెప్పాం. ఫలితం ఒకటే.

తూర్పు కొండల కింద గడ్డి ఉంది, ఫోను సిగ్నల్ లేదు. అందుకని మా ఆయన తిన్నగా పడమటి చలికాలపు మకాంకి పోదామన్నాడు. అక్కడి గడ్డి మంచురోజుల కోసం దాచుకున్నది. ఇప్పుడే మేపేస్తే నడిచలిలో గొర్రెలు చస్తాయి. ఆ మాటంటే, అమ్మను ఈ మోకాళ్లతో తూర్పు దాకా ఎలా తిప్పుతానన్నాడు. ఆ మోకాళ్ల మీద అంత ప్రేమ నేనెన్నడూ చూడలేదు.

లామా చెప్పిన మంచిరోజుకు లారీ చెడింది. మా ఆయన దాన్ని బాగుచేసేవాడి కోసం ఊళ్లోకి పోతూ, వేళ దాటకుండా ఏదో ఒక సామాను బయలుదేరదీయమన్నాడు. మాలో అది ఉన్నదే. మంచివేళకు ఒక వస్తువు కదిలితే అందరూ కదిలినట్టే. కదిలినదాన్ని వెనక్కి తేకూడదు.

అత్తగారు దేవుడి పెట్టె తుడిచి నా చేతికిచ్చారు. ఎటు పెట్టమంటారని అడిగాను. గాలి ఎటు పోతే అటు అన్నారు. మా దగ్గర గాలి ఎప్పుడూ పడమటి నుంచే.

సాయంత్రం ఆయన వచ్చేసరికి, తూర్పు దిబ్బ మీద పెట్టె పక్కన కూర్చుని వాళ్లమ్మ ఉప్పు టీ తాగుతోంది.

"ఏంటమ్మా ఇది?"

"నేను బయలుదేరాన్రా. నువ్వెప్పుడొస్తావ్?"

"పడమటికి కదా అనుకున్నాం."

"నువ్వనుకున్నావ్. దేవుడు ఇటొచ్చాడు. వెనక్కి తీసుకెళ్తావా, తీసుకెళ్లు. రేపు ఒక్క గొర్రె తుమ్మినా పూచీ నీదే."

"మరి నీ మోకాళ్లు?"

"ఇక్కడికి వాటి మీదేగా వచ్చింది."

ఆయన నావైపు తిరిగాడు. "నిన్ను చదివించొద్దని మీ వాళ్లకు ఎవరూ చెప్పలేదుటే?"

కదిలే రోజు గుడారం మేకుల గుంటలన్నీ అత్తగారు చేత్తో మట్టిపోసి పూడ్చారు. మేకలు పడగొట్టిన కర్రల గుంటలతో సహా.

తూర్పున మేపుకుని చలికి పడమటి మకాం చేరాం. ఆ ఏడు మంచు విపరీతంగా కురిసింది. అక్కడ దాచిన గడ్డి మంచు కరిగేదాకా సరిపోయింది. మరుసటి వేసవికి మైదానానికి తిరిగొస్తే గడ్డి వెన్నులు గుర్రం మీదున్న నా చెప్పులకు తగులుతున్నాయి. ఎలుకల కన్నాలు కూలిపోయి ఉన్నాయి.

మా ఆయన మిగిలిన కర్రల్ని చాలాసేపు చూసి, గద్దలు బాగా పనిచేశాయన్నాడు. అత్తగారూ నేనూ అవునన్నాం.

ఆ వేసవి చివర మళ్లీ మంచిరోజు వచ్చింది. పెట్టె ఆయనే ఎత్తుకున్నాడు. ఎటని ఎవర్నీ అడగలేదు, తూర్పు దిబ్బ వైపు నడిచాడు.