రెండో రిసీవరు

ఆ వార్డులో ఒక కట్టుబాటు ఉంది. డాక్టరు ఫోన్లో మందు చెబితే నర్సు ఆ మాటను కాగితం మీద రాసి, తిరిగి చదివి వినిపించాలి. పక్కన ఇంకో నర్సు రెండో రిసీవరులో విని సంతకం పెట్టాలి. అది జరగనిదే ఎంత పెద్ద డాక్టరు చెప్పినా ఒక్క మాత్ర కూడా కదలదు.

కొత్త నర్సుకు మొదట్లో అది చాదస్తంగా తోచింది. ఆరు నెలల్లో చేతికి అలవాటైపోయింది. ఆ రోజు మధ్యాహ్నమే మేట్రన్ ఆమె ఉద్యోగాన్ని ఖాయం చేస్తూ సంతకం పెట్టాలి.

ఇంతకుముందు ఆమె వేరే దేశంలో పనిచేసింది. అమ్మ ఆపరేషను కోసం అక్కడి బ్యాంకులో అప్పు తీసుకుని, ఏడాదిపాటు వాయిదాలు ఠంచనుగా కట్టింది. తర్వాత ఆమె పనిచేసే ఆసుపత్రి మూతపడింది. యజమాని ఐదు నెలల జీతాలు ఎగ్గొట్టి కనిపించకుండా పోయాడు. ఆమె ఒట్టి చేతులతో ఇల్లు చేరింది. అప్పు అక్కడే ఉండిపోయింది. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

పదకొండు గంటలకు వార్డు ఫోను మోగింది.

"ఏం చెల్లెమ్మా, సెల్లు ఎత్తడం మానేశావు. ఇదైతే ఎత్తక తప్పదుగా?"

ఆ బ్యాంకు అప్పు వసూలు చేసే మనిషి.

"సాయంత్రంలోగా సగం డబ్బు నేను చెప్పిన ఖాతాలో పడాలి. లేదంటే మీ మేట్రన్‌తోనే మాట్లాడతా. పోలీసులు అక్కడికే వచ్చి ఎత్తుకుపోతారు. ఇక ఉద్యోగం గోవిందా."

పెట్టేద్దామనుకుంది. కానీ చెయ్యి అలవాటు కొద్దీ అప్పటికే కాగితాల పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది. పక్కన గడియారం అక్క మాత్రలు సర్దుతోంది. నిమిషం ఆలస్యమైనా నిలదీస్తుందని వార్డంతా ఆ సీనియర్ నర్సును అలాగే పిలుస్తారు. సాక్షిగా ఆమెను పిలిస్తే దాచిందంతా బయటపడుతుంది.

"అక్కా, రెండో ఫోను ఎత్తవా?"

"ఏ డాక్టరు?"

"డాక్టరు కాదు. నా అప్పు వసూలు చేసేవాడు."

అక్క ఆమెను ఒక్క క్షణం చూసింది. మాత్రల పళ్ళెం మూత పెట్టి, చేతులు తుడుచుకుని రిసీవరు ఎత్తింది.

"మీ పేరు చెప్పండి," అంది నర్సు.

"నా పేరు నీకెందుకు?"

"పేరు లేని ఆర్డరు ఇక్కడ చెల్లదండీ."

"సంస్థ పేరు కూడా, నాయనా," అంది అక్క. "కాస్త నిదానంగా."

"ఈవిడెవరు?"

"సాక్షి," అంది నర్సు. "చదువుతున్నాను, వినండి. పదకొండూ అయిదు. పేరు చెప్పలేదు. సగం డబ్బు పంపాలి. ఖాతా బ్యాంకు పేరు మీదేనా?"

"కాదు, మా బావమరిది... అదే, మా ఆఫీసు మనిషి పేరు మీద."

"బావమరిది. రాశాను."

"ఆయనది ఏ బ్రాంచి?" అని అడిగింది అక్క.

"పోలీసులు వస్తారన్నారు," అంది నర్సు. "కేసు నంబరు చెప్పండి, రాసుకుంటాను."

"నీ మంచి కోరి చెబుతున్నాను చెల్లెమ్మా..."

"అది కూడా రాయనా?"

ఫోను కట్టయింది. అక్క గోడ గడియారం చూసి, టైము వేసి సంతకం పెట్టింది.

"అప్పు నిజమేనా?"

"నిజమే. బ్యాంకుకి కడతాను. వాడి బావమరిదికి కాదు. మేట్రన్‌కి కూడా నేనే చెబుతాను."

అక్క మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపి, "తాగి వెళ్ళు. పన్నెండు గంటల మందులు నేను చూస్తాలే," అంది. తన వంతు కానిది అక్క చేస్తాననడం ఆ వార్డులో ఎవరూ ఎరగరు.

మధ్యాహ్నం పిలుపు రాకముందే నర్సు ఆ కాగితం తీసుకుని మేట్రన్ గదిలోకి వెళ్ళింది. అప్పు సంగతంతా చెప్పింది. మేట్రన్ కాగితం రెండుసార్లు చదివింది.

"మళ్ళీ ఆ దేశంలో దిగితే అక్కడి పోలీసులు నిన్ను ఆపొచ్చు, తెలుసా?"

"తెలుసు మేడమ్. లెక్క తేలేదాకా ఆ దేశం మీదుగా పోయే విమానం కూడా ఎక్కను. వాళ్ళకి నేను ఇవ్వాల్సింది ఉంది, నాకు అక్కడ రావాల్సిన జీతం కూడా ఉంది. రెండూ రాసి పంపుతాను. ఇక్కడ మాత్రం తల దించుకుని తిరగను."

మేట్రన్ కళ్ళజోడు తీసింది. "చదివాక చదవనట్టు ఉండలేను. బ్యాంకు నుంచి జవాబు వచ్చేదాకా నా సంతకం ఆగుతుంది. నీ డ్యూటీ ఆగదు. పద, నీ పేషెంట్లు ఎదురుచూస్తుంటారు."

ఆమె వార్డుకి తిరిగి వచ్చేసరికి ఫోను మోగుతోంది. కాగితాల పుస్తకం తెరిచింది. అడగకుండానే అక్క రెండో రిసీవరు ఎత్తింది.

"వార్డు," అంది నర్సు. "ముందు మీ పేరు చెప్పండి."