ధైర్యం చెప్పేవాళ్ళకు ఉగ్గాని

ఉగ్గానికి బొరుగులు నీళ్ళలో ముంచి పిండుతూ ఉంటే పంచలోంచి సోమన్న గొంతు వినబడుతోంది. కాలం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదట. మోడువారిన చెట్టే మళ్ళీ చిగురిస్తుందట. మగవాడన్నాక గుండె రాయి చేసుకోవాలట. మహాదేవి పిండిన బొరుగులు పళ్ళెంలోకి తీసి, ఉల్లిగడ్డలు ముందుకు లాక్కుంది. ఆ మాటల్లో తర్వాత ఏది వస్తుందో ఆమెకు కంఠతా వచ్చు.

సోమన్న ఆమె అత్త గిడ్డమ్మకు తమ్ముడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ధైర్యం చెప్పడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ను మించినవాడు లేడు. కోడుమూరు నుంచి మోటారుసైకిలు మీద వస్తాడు, మహాదేవి మొగుడు వీరభద్ర మంచం పక్కన కుర్చీ వేయించుకుంటాడు, ధైర్యం చెబుతాడు, ఉగ్గాని తింటాడు, టీ తాగుతాడు, మిగిలిన ధైర్యం కూడా చెప్పేసి వెళ్తాడు. ఆయన ఒక్కడే అయితే పరవాలేదు. ఊళ్ళోవాళ్ళు, పొలం గట్టు పక్కవాళ్ళు, ఎప్పుడో పెళ్ళిలో చూసిన చుట్టాలు అందరూ వస్తున్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళను ఉత్త కడుపుతో పంపితే ఆ ఇల్లు నిజంగానే చితికిపోయిందని ఊరు అనుకుంటుందని గిడ్డమ్మ నమ్మకం. అందుకని ఇల్లు చితికిపోలేదని రుజువు చేసే పని మహాదేవి పొయ్యి మీద పడింది.

శనక్కాయ ఊడలు దిగేవేళకు వాన మొహం చాటేసింది. ఆ పై ఏడు పత్తి పెడితే, కాయలు పగిలి చేను తెల్లబడే సమయానికి వద్దన్నా వినకుండా కురిసింది. చివరికి ఎద్దులను సంతకు తోలి అమ్ముకోవలసి వచ్చింది. అవి పోయిన రోజు నుంచీ వీరభద్ర మంచం దిగడం తగ్గించేశాడు. గడ్డం గీసుకోడు. పలకరిస్తే ఊ అంటాడు, పలకరించకపోతే అదీ లేదు. ఇంతలో పక్క ఊళ్ళో అతని ఈడు రైతు ఒకాయన ప్రాణం తీసుకున్నాడన్న వార్త వచ్చింది. అప్పటి నుంచీ ఈ ఇంటినిండా ఒకటే భయం. ఆ భయాన్ని పంచుకున్న తీరు మాత్రం చూడండి. భయపడటం అందరూ భయపడ్డారు, కాపలా కాసే పని మాత్రం మహాదేవికి వదిలేశారు.

"వాన్ని కనిపెట్టుకోనుండు. వాని ముందర కండ్లనీళ్ళు పెట్టాకు. ఇంటికి నిట్రాడు నువ్వే" అంది గిడ్డమ్మ. మరిది ఫోను చేసి, అన్న నీ చేతుల్లో ఉన్నాడు వదినా అన్నాడు. కర్నూలులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు శిల్ప పొద్దునా సాయంత్రం ఫోను చేస్తుంది. నాయన తిన్నాడా, నాయన మాట్లాడాడా, నాయన బయటికి వెళ్ళాడా. అన్నీ విని, జాగ్రత్తమ్మా అని పెట్టేస్తుంది. ఆ జాగ్రత్త కూడా నాయనను గురించే. నువ్వెట్లున్నావమ్మా అని కన్నబిడ్డ అడగకపోతే ఇంకెవరడుగుతారు? బిడ్డది తప్పని మహాదేవి అనుకోలేదు. తనే ఫోనులో నవ్వుతూ మాట్లాడుతోంది కదా, దానికేం తెలుస్తుంది!

పంట పోయింది వీరభద్రకేనని అందరూ ఎట్లా తీర్మానించారో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు. వీరభద్ర ఎద్దులు తోలితే, గొర్రు వెనకాల నడుస్తూ జడ్డిగంలో గింజ వదిలింది ఆమె చేయి. కలుపు తీసిందీ, నీళ్ళ బిందె మోసిందీ, తడిసి నల్లబడిన పత్తిని ఒక్కో కాయా వలిచి, దేనికీ పనికిరాదని తెలిసి కూడా ఆరబెట్టిందీ ఆమే. పాపం వీరభద్ర పంట పోయిందే అని వాకిట్లో నిలబడి చుట్టాలు అంటుంటే, నాది కూడా పోయిందయ్యా అని అరవాలనిపించేది. అరవకుండా టీ పెట్టేది. ఎవరు ఏమన్నా, వీరభద్ర ఎప్పుడు తన వైపు చూసినా, ఆమె నోటి వెంట ఒకటే మాట, ఏం కాదులే. అన్నీ అయిపోతున్నా ఏం కాదులే.

కుదురు లేదు ఆమెకు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోంచి పంచలోకి, పంచలోంచి వాకిట్లోకి. బట్టలు ఉతుకుతూ మధ్యలో లేచి వచ్చి మంచం వైపు తొంగి చూస్తుంది. అన్నం ముందు కూర్చుంటే చెవులు పంచలో ఉంటాయి. అతను దొడ్డికి వెళ్ళినా ఏదో పని ఉన్నట్టు వెనకే వెళ్తుంది. పడుకుంటే అతని ఊపిరి వింటూ పడుకుంటుంది, ఆ ఊపిరి కాస్త తేలికైతే లేచి కూర్చుంటుంది. ఏమీ జరగని రోజు కూడా ఆమెకు యుద్ధమే.

ఇక డబ్బా సంగతి. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా ఒకటి గిడ్డమ్మ కంటపడింది. పారబోస్తే పోయేది కదా అని మీరంటారు. ఈ సీమలో రైతు ఇంట్లో సగం ఉన్న డబ్బాను పారబోసేవాళ్ళను నేనైతే చూడలేదు. వచ్చే పైరుకు పనికొస్తుంది అంటారు. వచ్చే పైరు మీద ఆశ అంత గట్టిది, ఆ ఆశతోనే విషాన్ని కూడా దాచిపెట్టుకుంటారు. గిడ్డమ్మ కోడలిని పక్కకు పిలిచి డబ్బా చేతిలో పెట్టింది.

"యాడన్నా దాసిపెట్టు. నాకు గూడా చెప్పాకు. వాడు ఏడ్సి అడిగితే నేను ఆగలేను. నీకొక్కదానికే తెలిసుండాల" అంది.

మహాదేవి దాన్ని పశువుల కొట్టంలో దాచింది. ఎద్దులు లేని కొట్టంలోకి ఎవరూ వెళ్ళరు, వీరభద్ర అసలే వెళ్ళడు. మొదట్లో రోజుకొకసారి వెళ్ళి, అది అక్కడే ఉందా లేదా అని చూసుకుని వచ్చేది. తర్వాత ఎన్నిసార్లు వెళ్తోందో ఆమెకే లెక్క లేకుండా పోయింది. ఉందని తెలిశాక కూడా వెంటనే వచ్చేది కాదు. ఖాళీ గాటి పక్కన కాసేపు నిలబడేది. ఆ తర్వాత కూర్చోవడం మొదలుపెట్టింది.

ఈ రోజు కూడా అంతే. ఉల్లిగడ్డలు బాణట్లో వేసి, పచ్చిమిరపకాయలు చీల్చి, ఎందుకో చేతులు చెంగుకు తుడుచుకుంటూ దొడ్డి దాటి కొట్టంలోకి వచ్చేసింది. కూర్చుంది. పంచలో మాటలు ఇక్కడికి వినబడవు. ఎవరి ఊపిరీ వినాల్సిన పని లేదు. కొన్ని నెలలుగా కొట్టుకుంటూనే ఉన్న గుండె నెమ్మదించింది, భుజాలు దిగాయి. హాయిగా ఉంది. ఈ చోట ఒక్కటే ఎందుకింత హాయిగా ఉంది అని అనుకుంది. అనుకుని, పక్కకు చూసింది. తన చేయి డబ్బా మూత మీద ఉంది.

ఎప్పుడు పెట్టిందో తెలియదు. ఎందుకు పెట్టిందో తెలియదు. తెలియదని తనకు తాను చెప్పుకుంది గానీ అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఇన్ని రోజులుగా తను ఇక్కడికి వస్తున్నది మొగుడి కోసం కాదు. చేయి వెనక్కి లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటి వైపు పరుగెత్తింది.

ఉల్లిగడ్డలు మాడి ఇల్లంతా కమురు వాసన. గిడ్డమ్మ వంటింటి గడపలో నిలబడి, పొయ్యి మీద పెట్టి యాడికి పోయినావు అని కోప్పడింది. మహాదేవి పొయ్యి ఆర్పింది. బదులు చెప్పకుండా పంచలోకి వెళ్ళి, సోమన్న ఎదురుగా, వీరభద్ర మంచం మీద కూర్చుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి పెద్దవాళ్ళ ముందు ఆమె మంచం మీద కూర్చున్నది లేదు. గిడ్డమ్మ కళ్ళు పెద్దవి చేసింది. సోమన్న చెబుతున్న ధైర్యం సగంలో ఆగింది.

"అత్తా, ఆ మందు డబ్బా యాడుండాదో నాకొక్కదానికే తెలుసు" అంది మహాదేవి.

"వాని ముందర ఆ మాటలేందే!" అని గిడ్డమ్మ పళ్ళు నూరింది.

"ఈయనకు దొరక్కుండా నేను దాసినా. నాకు దొరక్కుండా ఎవురు దాస్తారు?"

సోమన్న అలవాటుగా, కాలం ఎప్పుడూ ఒకే తీరుగా అని మొదలుపెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. గిడ్డమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గడపలోనే కూలబడి, నేనే కదే నీ చేతికిచ్చింది, నేనే కదే అని నెత్తి కొట్టుకుంది.

వీరభద్ర పక్కకు తిరిగాడు. ఇన్నాళ్ళూ పైకప్పును చూసిన కళ్ళతో భార్య మొహం చూశాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

ఆ ఒక్క ముక్క అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. మహాదేవి ఇక ఆగలేదు. నిద్ర లేని సంగతి చెప్పింది, ఊపిరి వినే సంగతి చెప్పింది. ఏం కాదులే అన్న ప్రతిసారీ అబద్ధమే ఆడానని చెప్పింది. పంట నాది కూడా అని చెప్పింది, ఆ మాట రెండు మూడుసార్లు చెప్పింది. కొట్టంలో ఎంత హాయిగా ఉంటుందో చెప్పి, ఆ హాయిని తలచుకుని భోరున ఏడ్చింది. అతని ముందు ఏడిస్తే అతనికి ఏదో అయిపోతుందని ఇన్నాళ్ళూ అందరూ ఆమెను భయపెట్టారు. ఏమీ కాలేదు. పైగా అతను మంచం మీద లేచి కూర్చున్నాడు.

కొంగుతో మొహం తుడుచుకుని ఆమె సోమన్న వైపు తిరిగింది. "చిన్నాయనా, నాకు ధైర్యం చెప్పాకు. ఒక పని చెయ్" అంది. డబ్బా ఎక్కడుందో చెప్పింది. దాన్ని ఈ ఊళ్ళో ఉంచకుండా తీసుకుపోయి, కొన్న అంగట్లోనే తిరిగి ఇచ్చేయమంది. సోమన్న మారు మాట లేకుండా లేచాడు. అక్క దగ్గర పాత గోనెసంచి అడిగి తీసుకుని, డబ్బాను అందులో చుట్టి, మోటారుసైకిలుకు కట్టుకుని వెళ్ళిపోయాడు. ఇన్ని రాకపోకల్లో ఆయన ఈ ఇంటికి పనికొచ్చిన రోజు ఇదే.

"సోమవారం కర్నూలుకు పోదాం. పెద్దాసుపత్రిలో సూపిచ్చుకుందాం. నువ్వొక్కనివే కాదు, నేను గూడా" అంది మహాదేవి. అడగడం కాదు, చెప్పడం.

వీరభద్ర తలూపాడు. "నువ్వు మేలుకోనుండేది నాకు తెలుస్తానే ఉండె. నాకేమన్నా అయితాదని మేలుకోనుండావని అనుకుంటి గాని, నీకేమైతాండాదో నేను సూడలే" అన్నాడు. అతని గొంతు వాడక బొంగురుపోయి ఉంది. మంచం దిగి ఆమెకు చోటిచ్చాడు.

"ఇంగ మీదట వంతులేసుకుందాం మహాదేవీ. ఈపొద్దు భయపడేది నీ వంతు. పండుకో. నేను మేలుకోనుంటా."

బయట ఎండ నిలువునా కాస్తోంది, మబ్బు తునక లేదు. మహాదేవి పట్టపగలు, అత్త ఎదురుగా, ఆ మంచం మీదే కాళ్ళు చాపుకుంది. భయపడుతూనే నిద్రపోయింది.